అంతరిక్ష క్రీడలలో పనికి ప్రతిఫలం, ఆటగాని కాలం

(వేసవి సెలవులలో తల్లిదండ్రుల కొరకు, విద్యార్థుల కొరకు ఏర్పాటైన సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేడు నేను మాట్లాడబోయే విషయాన్ని ఈ మందిరంలో ఇంతకు ముందు ఎవరూ ప్రస్తావించి ఉండరని తలుస్తాను. కంప్యూటరుపై ఆడే అంతరిక్ష క్రీడలలో ఒక పని పూర్తి చేసినవారికి ఎంత ప్రతిఫలం ఇవ్వాలి, అందుకు వారి నుండి ఎంత కాలం తీసుకోవాలి అన్నది ఆ విషయం. పిల్లల ఆటల ముచ్చట పెద్దల సభలో ఏల అని మీలో కొందరికి అనిపించవచ్చును. భోజనానికి పిలిస్తే "ఇంకొక్క పది నిమిషాలు" అన్న పిల్లవాడు గంట గడిచినా కుర్చీ నుండి లేవకపోవడం మీరు చూచియే ఉంటారు. ఆ పది నిమిషాలు గంట ఎట్లు అయినవి? అందులో పిల్లవాని తప్పు ఎంత, ఆటను రూపొందించినవారి తప్పు ఎంత? నేను కొన్ని సంవత్సరాలు ఆ రెండవ పక్షంలో ఉద్యోగం చేసినవాణ్ణి. కనుక ఇది కొంత సమాచారం, కొంత నా నేరాంగీకారం.

ఆ ఆటలు ఎరుగనివారి కొరకు మొదట రెండు మాటలు. 1984లో ఇంగ్లండులో డేవిడ్ బ్రాబెన్, ఇయన్ బెల్ అనే ఇద్దరు యువకులు బీబీసీ మైక్రో అనే చిన్న కంప్యూటరు కొరకు 'ఎలైట్' అనే ఆట వ్రాశారు. అందులో 8 నక్షత్ర వీధులు, ఒక్కొక్క వీధిలో 256 లోకాలు. ఒక లోకంలో సరుకు కొని మరొక లోకంలో అమ్ముకోవడం, దారిలో దొంగలను తప్పించుకోవడం, ఇదే ఆట. ఆడేది ఒక్కరే కనుక తొందర లేదు. 2014 డిసెంబరులో అదే బ్రాబెన్ గారి సంస్థ, కేంబ్రిడ్జిలోని ఫ్రాంటియర్ డెవలప్‌మెంట్స్, 'ఎలైట్ డేంజరస్' అనే ఆన్‌లైన్ ఆటను విడుదల చేసినది. మన పాలపుంతనే ఆటస్థలంగా తీసుకుని, దాదాపు 40 వేల కోట్ల నక్షత్ర మండలాలను అందులో అమర్చారు. దీనికంటే ముందే, 2003 మే నెలలో, ఐస్‌లాండు రాజధాని రేక్యవిక్‌లోని సీసీపీ అనే సంస్థ 'ఈవ్ ఆన్‌లైన్' ప్రారంభించినది. చైనాకు మాత్రం వేరుగా ఉంచి, మిగిలిన ప్రపంచమంతా ఒకే సర్వరులో ఒకే విశ్వంలో ఆడుకునే ఏర్పాటు అది.

ఈ ఆటలలో అంతరిక్ష కేంద్రానికి చేరిన ఆటగానికి అక్కడ పనుల జాబితా కనిపిస్తుంది. ఈ ఉత్తరం ఫలానా చోటికి చేర్చుము, ఈ ప్రయాణికుని ఫలానా లోకానికి తీసికొనిపొమ్ము, ఈ దొంగల ముఠాను తరుముము అని. ఒక్కొక్క పనిని మిషన్ అంటారు. మిషన్‌కు ఇంత అని ప్రతిఫలం ముందే వ్రాసి ఉంటుంది.

మన పల్లెలలో ఇది కొత్త సంగతి కాదు. నాట్లు వేసే కూలీలు రోజుకూలికి రారు, ఎకరాకు ఇంత అని గుత్తకు మాట్లాడుకుంటారు. మాట గుత్తకే అయినా, ముఠా పెద్ద మనసులో వేసుకునే లెక్క వేరు. ఎన్ని పూటలకు తెములుతుంది, మనిషికి పూటకు ఎంత పడుతుంది, పొలం ఊరికి ఎంత దూరం, మడిలో నీరు పెట్టి ఉన్నదా లేక గట్టున కూర్చోవలసి వస్తుందా? రైతు ఎకరాలలో మాట్లాడతాడు, కూలి పూటలలో ఆలోచిస్తుంది. మిషన్లు వ్రాసేవాడు రైతు. ఆడేవాడు కూలి. మిషన్‌కు ఎంత అని మేము వ్రాస్తాము, గంటకు ఎంత అని వారు భాగిస్తారు. ఎంత అందమైన కథ అల్లినా ఈ భాగహారం నుండి తప్పించుకోలేము.

దీనికి ఆ ఆటలు ఆడేవారందరికీ తెలిసిన ఒక ఉదాహరణ ఉన్నది. సూర్యునికి అతి సమీపంలోని నక్షత్ర మండలం ఆల్ఫా సెంటారీ. దూరం సుమారు 4.4 కాంతి సంవత్సరాలు. ఎలైట్ డేంజరస్‌లో నక్షత్రం నుండి నక్షత్రానికి దూకడం ఒక నిమిషంలో ముగుస్తుంది. అయితే ఆ మండలంలోని హట్టన్ ఆర్బిటల్ అనే కేంద్రం, నౌక దిగే చోటికి 0.22 కాంతి సంవత్సరం దూరంలో, ప్రాక్సిమా చుట్టూ తిరుగుతున్న లోకం దగ్గర ఉన్నది. మండలం లోపల దూకడం లేదు, నడిపించుకుంటూ పోవలసినదే. గంటకు పైగా పట్టేది. కొత్తవారు హట్టన్‌కు పని కనబడగానే నాలుగు కాంతి సంవత్సరాలే కదా అని ఒప్పుకుని బయలుదేరుతారు. అక్కడ అనకొండ అనే పెద్ద నౌకను ఉచితంగా ఇస్తున్నారని అనుభవజ్ఞులు కొత్తవారిని ఆటపట్టించడం కూడా ఒక ఆచారంగా మారినది. అనకొండ ధర ఆ ఆట నాణెంలో 14 కోట్ల 69 లక్షల క్రెడిట్లు. ఆట మొదలుపెట్టినవాని చేతిలో ఉండేది 1000.

నేనూ ఆ విధంగా బయలుదేరినవాణ్ణే. కేంద్రం ఎంత దూరంలో ఉన్నదో విచారించకపోవడం నా తప్పు. రాత్రి ఎనిమిదిన్నరకు అమ్మ భోజనానికి పిలిచినది. పది నిమిషాలు అన్నాను. తెరపై కనిపించే మిగిలిన సమయం నౌక వేగంతో పాటు మారుతూ ఉంటుంది. చూచిన ప్రతిసారీ ఇప్పుడే వచ్చేస్తామన్నట్లు ఆశ పుడుతుంది. మధ్యలో వదిలితే అప్పటివరకు గడిపిన కాలమంతా వృథా. వదలకపోతే ఇంకెంత పోతుందో తెలియదు. చేరేసరికి పది అయినది. వంటింటిలో దీపం ఆర్పి ఉన్నది. అమ్మ నా కొరకు ఎదురుచూచి, తాను తినకుండానే నిద్రపోయినది. ఆ మిషన్‌కు నాకు ఎంత వచ్చినదో ఇప్పుడు గుర్తు లేదు.

అటువంటి అనుభవం కలిగినవాడు ఉద్యోగంలో జాగ్రత్తగా ఉండవలసినది. నేను ఉండలేదు.

నేను పనిచేసిన సంస్థ చిన్నది, పేరు అప్రస్తుతం. అంతరిక్ష వ్యాపారం ఇతివృత్తంగా మేమూ ఒక ఆన్‌లైన్ ఆట నడిపేవారము. మిషన్ల ప్రతిఫలాల పట్టిక నా చేతిలో ఉండేది. మా పద్ధతి సరళమైనది. పని ఒప్పుకున్న క్షణం, అప్పగించిన క్షణం సర్వరులో నమోదవుతాయి. ఆ తేడాల సగటు తీసి, గంటకు ఇంత రావాలన్న మా నిర్ణయంతో గుణిస్తే మిషన్ ప్రతిఫలం తేలుతుంది. అన్ని మిషన్లకూ గంటకు సమానమైన రాబడి. ఇంతకంటే న్యాయం ఏమున్నది అనుకున్నాము.

ఆ లెక్కలో రెండు లోపాలు ఉన్నవి. మొదటిది, సగటులోకి వచ్చినవారు పని పూర్తి చేసినవారు మాత్రమే. సగంలో వదలి లేచిపోయినవారికి అప్పగించిన క్షణం అనేది లేదు కనుక వారు పట్టికలోనే లేరు. తీరిక ఉన్నవారి కాలాన్ని కొలిచి, దానిని అందరి కాలం అనుకున్నాము. రెండవది, పని ఒప్పుకోకముందు గడిచే కాలాన్ని మేము లెక్కించనే లేదు. జాబితా వెతకాలి, నౌకలో సరైన పరికరాలు అమర్చాలి, పని దొరికే చోటికి చేరాలి. దీనికి పావుగంట పట్టేది.

కాగితం లేకుండా నోటితోనే లెక్క వేద్దాము. ఒక మిషన్‌కు 20 నిమిషాలు పడుతుంది, 10 లక్షలు వస్తుంది అనుకోండి. సిద్ధం కావడానికి ఒక్కసారి 15 నిమిషాలు. మూడు గంటల తీరిక ఉన్న విద్యార్థి 15 నిమిషాలు పోను 8 మిషన్లు చేస్తాడు, 80 లక్షలు వస్తుంది. గంటకు 26 లక్షల 66 వేలు. నలభై నిమిషాల తీరిక ఉన్న ఉద్యోగికి 15 పోగా మిగిలేది 25, అందులో ఒక్క మిషన్. గంట చొప్పున చూస్తే 15 లక్షలు. ఒకే పట్టిక, ఒకే పని, ఒకే నేర్పు. ఇప్పుడు 50 నిమిషాల మిషన్ ఒకటి పెట్టి, ఎక్కువ సేపు కదా అని 30 లక్షలు ఇస్తామనుకోండి. విద్యార్థి మూడు చేసి 90 లక్షలు పొందుతాడు. ఉద్యోగికి సున్న.

మాకు ఒక ఉత్తరం వచ్చినది. వ్రాసిన ఆమె ఆస్పత్రిలో నర్సు. రాత్రి డ్యూటీ ముగించుకుని ఇంటికి వచ్చి, పిల్లవానిని బడికి పంపి, నిద్రకు ముందు నలభై నిమిషాలు ఆడుతుందట. "మీ ఆటలో నా నలభై నిమిషాలకు విలువ లేదండీ" అని వ్రాసినది. ఆమెకు జవాబు వ్రాయడం కంటే పని చేసి చూపడం మేలని భావించి, చిన్న మిషన్లన్నింటికీ ప్రతిఫలం రెట్టింపు చేశాను. ఆ సాయంత్రం నాకు చాలా తృప్తిగా ఉన్నది.

ఇందాకటి లెక్కనే రెట్టింపు చేసి చూడండి. ఉద్యోగికి గంటకు 30 లక్షలు, విద్యార్థికి 53 లక్షల పైన. తేడా అంతకు ముందు 11 లక్షల 66 వేలు. ఇప్పుడు 23 లక్షల 33 వేలు. ప్రతిఫలంతో పాటు తేడాను కూడా రెట్టింపు చేశాను. తీరిక ఉన్నవారి చేతిలో ధనం పెరిగినది, నౌకల ధరలను ఆటగాళ్ళే బజారులో నిర్ణయించుకుంటారు కనుక ధరలూ పెరిగినవి. నెల తిరిగేసరికి ఆమె కొనదలచుకున్న నౌక ఆమెకు మరింత దూరమైనది. రెండవ ఉత్తరం చాలా పొట్టిది. "నేను డబ్బు పెంచమని అడగలేదు." ఆ తరువాత ఆమె ఖాతా తెరవలేదు. సర్వరు నమోదులో చివరిసారి ప్రవేశించిన తేదీ చాలాకాలం చూస్తూ ఉండేవాణ్ణి.

ఐస్‌లాండువారు ఈ ధరల సమస్యను మాకంటే ఎంతో ముందే ఎదుర్కొన్నారు. 2007లో సీసీపీ సంస్థ ఎయోల్ఫుర్ గుడ్ముండ్‌సన్ అనే ఆర్థికశాస్త్రజ్ఞుణ్ణి, ఆటలోని ఆర్థిక వ్యవస్థను పరిశీలించడానికి ఉద్యోగిగా నియమించుకున్నది. ఆయన తరువాత అకురేరి విశ్వవిద్యాలయానికి అధిపతి అయినారు. ఆటలోని ధనాన్ని చెరువుతో పోల్చుకుంటే విషయం సులభంగా బోధపడుతుంది. దొంగ నౌకను కూల్చినందుకు ఈవ్‌లో వచ్చే బహుమతి ఎవరి జేబు నుండీ రాదు. ఆ క్షణంలో పుట్టిన కొత్త ధనం అది. వాగు వచ్చి చెరువులో పడినట్లు. తూము లేకపోతే కట్ట తెగుతుంది.

అందుకని వారు మిషన్ చేసినవారికి నాణెంతో పాటు లాయల్టీ పాయింట్లు అనేవి కూడా ఇస్తారు. ఏ కంపెనీ పని చేస్తే ఆ కంపెనీ దుకాణంలోనే అవి చెల్లుతాయి. అయితే పాయింట్లు మాత్రమే చాలవు. వస్తువు కావాలంటే పాయింట్లతో పాటు నాణెం కూడా కట్టాలి, కట్టిన నాణెం ఆట నుండి మాయమవుతుంది. అంటే ఒకే పని ఒక చేత్తో చెరువులో నీరు పోస్తూ, మరొక చేత్తో తూము ఎత్తుతుంది. ఆటగాడు ఆ వస్తువును బజారులో ఇతరులకు అమ్ముకుంటాడు. అందరూ ఒకే కంపెనీ పనికి ఎగబడితే ఆ వస్తువు ధర పడిపోతుంది, పాయింటు విలువా పడిపోతుంది, జనం మరొక చోటికి తరలుతారు. కార్యాలయంలో కూర్చుని నావంటివాడు పట్టిక దిద్దనవసరం లేదు. ఇది నాకు చాలా నచ్చిన ఏర్పాటు.

అయినప్పటికీ తక్కువ తీరిక ఉన్నవారి కష్టం అక్కడా పూర్తిగా తీరలేదు. ఈవ్‌లో పని ఇచ్చే పాత్రను ఏజెంటు అంటారు. ఒక ఏజెంటు ఇచ్చిన పనిని 4 గంటలకు ఒక్కసారి మాత్రమే నిరాకరించవచ్చు, మించితే అతని దగ్గర పరపతి తగ్గుతుంది. పొడుగాటి పని రెండుసార్లు వరుసగా వచ్చినదంటే, నలభై నిమిషాలవారికి ఆ రోజు అంతటితో సరి. నిర్ణీత సమయంలో ముగిస్తే ఇచ్చే అదనపు బహుమతి కూడా గడియారం మీదనే నడుస్తుంది. పిల్లవాడు ఏడ్చినాడని లేచినవారి కొరకు ఆ గడియారం ఆగదు.

2008 చివరలో వారే మరొక పద్ధతి తెచ్చారు. నిజమైన డబ్బుతో నెల చందా పత్రాన్ని కొని, ఆటలోని నాణేనికి ఇతరులకు అమ్ముకునే వీలు అప్పుడు కల్పించారు. తీరిక లేని సంపన్నుడు, సంపద లేని తీరికపరుడు పరస్పరం ఇచ్చిపుచ్చుకుంటారు. దొంగచాటు వ్యాపారానికి ఇది కొంత అడ్డుకట్ట వేసినది, నిజమే. కాని మిషన్‌కు ప్రతిఫలం తక్కువైతే కొనేవారు పెరుగుతారు, కొనేవారు పెరిగితే సంస్థకు లాభం. ప్రతిఫలాల పట్టిక వ్రాసేవాని మీద అటువంటి ఒత్తిడి ఉండరాదని నా అభిప్రాయం. మీలో ఎందరో దాతలు. లెక్కలు వ్రాసే చేయి, లాభం పొందే చేయి ఒకటే అయితే ఏమవుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు.

ఈవ్‌లోనే, మిషన్లకు సంబంధం లేని చోట, ఒక మంచి సమాధానం ఉన్నది. నౌకలు నడిపే విద్యలు అందులో నిజమైన కాలంతో అబ్బుతాయి. మీరు ఆడుతున్నా, నిద్రపోతున్నా, ఆస్పత్రిలో పనిచేస్తున్నా అదే వేగం. ఆ వేగంలో నర్సుకూ విద్యార్థికీ తేడా లేదు. దీనికీ మొదట ఒక లోపం ఉండేది. ఒక విద్య పూర్తి కాగానే రెండవదానిని స్వయంగా వచ్చి ప్రారంభించాలి. తెల్లవారుజామున మూడు గంటలకు అలారం పెట్టుకుని లేచి, ఒక్క మీట నొక్కి మరల పడుకునేవారు. 2009 మార్చిలో విద్యలను వరుసగా పేర్చి ఉంచుకునే వీలు, 24 గంటల మేరకు, కల్పించారు. 2014లో ఆ హద్దునూ బాగా పెంచారు. ఎందరి నిద్రను ఆ చిన్న మార్పు కాపాడినదో!

ఎలైట్ డేంజరస్‌వారు 2018లో చేసిన మార్పు మరొకటి. పెద్ద సరుకు రవాణా పనులను కొన్నింటిని విడతలుగా తీసికొనిపోయి, విడతలుగా అప్పగించవచ్చు. నలుగురు మిత్రులు పంచుకోవచ్చు కూడా. ఈ రోజు ఒక విడత, రేపు ఒక విడత. చేసినంతవరకు చేసినట్లే నిలుస్తుంది. ఆ నర్సు నన్ను అడిగినది ఇదే. నాకు అర్థం కావడానికి సంవత్సరాలు పట్టినది. సిద్ధమయ్యే పావుగంటను ఐదు నిమిషాలకు తగ్గించి ఉంటే, అదే 10 లక్షల ప్రతిఫలంతో ఆమె నలభై నిమిషాలకు ఒక మిషన్ పూర్తయి, రెండవది మూడు వంతులు అయి ఉండేది. ఆ మూడు వంతులను మరునాటికి నిలిపి ఉంచితే చాలును. ఒక్క పైసా పెంచనవసరం లేదు.

మరొక మాట. ప్రతిఫలం సరిగా తూచకపోతే ఆటగాళ్ళు ఆటనే మరచిపోతారు. ఎలైట్‌లో కొంతకాలం, ఆట నుండి బయటకు వచ్చి మరొక విధానంలో లోపలికి వెళితే పనుల జాబితా మారి కనిపించేది. లాభసాటి పనులు దొరికేవరకు లోపలికీ బయటికీ తిరుగుతూ కూర్చునేవారు. 40 వేల కోట్ల నక్షత్రాలు చుట్టూ ఉండగా వారు చూస్తున్నది ఒక జాబితాను! తరువాత ఆ దారి మూసివేశారు. ఆటగాళ్ళను దురాశాపరులని నిందించినవారున్నారు. నేను నిందించను. మేము గంటకు ఎంత అన్న ప్రశ్నను వారికి నేర్పాము, వారు జవాబు వెతుక్కున్నారు.

తల్లిదండ్రులు నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే. ఎట్లా లేపాలి? ఈ ఆటలను మధ్యలో నిలిపి ఉంచే వీలు లేదు. కుర్చీ వదలి వస్తే నౌక అక్కడే ఉండి దెబ్బలు తింటుంది. ఎలైట్‌లో నౌక నష్టమైతే తిరిగి పొందడానికి దాని విలువలో 5 శాతం కట్టాలి. అనకొండకు అది 73 లక్షల పైమాట, పిల్లవానికి ఎన్నో సాయంత్రాల శ్రమ. అందుకే పిలవగానే లేవలేడు. వడ్డించిన తరువాత పిలవడం కంటే, వాడు పని ఒప్పుకునేటప్పుడే దగ్గరకు వెళ్ళి, ఇది ఎంతసేపటి పని, చేరవలసిన కేంద్రం ఎంత దూరం అని అడగండి. చెప్పలేకపోతే ఆ పని ఒప్పుకోవద్దని చెప్పండి. ఆ ప్రశ్న నన్ను ఆ రాత్రి ఎవరూ అడగలేదు. అమ్మకు అది అడగవచ్చునని తెలియదు.

హట్టన్ ఆర్బిటల్‌లో ఒక రకం జిన్ను, ఆ కేంద్రం పేరు గల ఒక కప్పు అమ్ముతారు. అక్కడి వరకు వచ్చినందుకు గుర్తుగా అందరూ కప్పు కొంటారు. ఈ మధ్య వచ్చిన కొత్త ఇంజన్లతో ఆ ప్రయాణ కాలం బాగా తగ్గినది, కొత్తవారికి మా కథలు అతిశయోక్తిగా తోస్తాయి. దూర ప్రాంతాలకు తీసికొనిపోతే ఆ కప్పుకు మంచి ధర పలుకుతుంది. నాది ఇంకా నౌకలోనే ఉన్నది. అమ్మితే ఎంత వస్తుందో ఎన్నడూ చూడలేదు.